పాయాకి మసాలా మూట ఇలా కట్టండి

హైదరాబాద్ నహారీ (మాంసం పులుసు), పాయా (కాళ్ల పులుసు)లకు ఆ వాసన పొట్లీ మసాలా వల్లే వస్తుంది. ఎక్కువగా వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, రాతిపువ్వు, ధనియాలు, బిర్యానీ ఆకు, పాన్ కీ జడ్ అనే సువాసన వేరు ఉంటాయి. బేగంబజార్‌లో అన్నీ కలిపిన పొట్లాలు కూడా అమ్ముతారు. వట్టివేళ్లు, ఆకులు నోటికి తగిలితే బాగోదు కాబట్టి గుడ్డలో కట్టి వేస్తారు.

రంగులేని పలచటి నూలు గుడ్డ తీసుకోండి. కొత్తదైతే సబ్బు లేకుండా వేడినీళ్లలో ఉడికించి పిండండి, లేకపోతే గంజి వాసన పులుసుకి పడుతుంది. నాలుగు మేక కాళ్లకు రెండు చెంచాల మసాలా చాలు. మూట మాత్రం వదులుగా కట్టండి. తడిస్తే దినుసులు ఉబ్బుతాయి, బిగించి కడితే మధ్యలోకి నీళ్లే వెళ్లవు, సగం మసాలా వృథా. దారం కొస పొడుగ్గా వదిలి గిన్నె చెవికి కడితే తీయడం తేలిక. కుక్కర్‌లో అయితే కొస కత్తిరించేయండి, గాస్కెట్ కింద ఇరుక్కుంటే ఆవిరి పోతుంది.

నీళ్లు మరిగి నురుగు తీసేశాకే మూట వేయాలి. ముందే వేస్తే గుడ్డకి ఆ తెట్టు అంటుకుంటుంది. సన్న మంట మీద గంటన్నర తర్వాత ఒకసారి రుచి చూడండి. వట్టివేళ్ల ఘాటు ఎక్కువనిపిస్తే వెంటనే తీసేయండి, కాళ్లు ఇంకా ఉడకాల్సి ఉన్నా సరే. తీశాక పట్టకారుతో గిన్నె అంచుకి మెల్లగా నొక్కండి, గట్టిగా పిండితే చేదు దిగుతుంది.

మామూలు చికెన్ సూప్‌కి ఇంత హడావిడి అక్కర్లేదు. కొత్తిమీర, పుదీనా కాడలు పారేయకుండా దారంతో కట్ట కట్టి వేసి, దించేముందు తీసేస్తే చాలు.