మోటారు ఎప్పుడు ఆపాలో వంటింటి గోడే చెప్పాలంటే

బెంగళూరులో చాలా ఇళ్లది ఒకటే ఏర్పాటు: కింద సంపు, పైన ట్యాంకు, వంటింట్లోనో మెట్ల కిందో మోటారు స్విచ్చి. స్విచ్చి వేసి మరిచిపోతే, మేడ మీంచి నీళ్లు జలజలా కారి పక్కింటావిడ "ట్యాంక్ తుంబిదె" (ట్యాంకు నిండింది) అని కేకేసేదాకా తెలియదు.

దీనికి ఫోన్ యాప్‌లు ఉన్నాయి. కానీ పిండి చేతులతో ఫోన్ తీసి, లాక్ తీసి, యాప్ తెరిచి చూసేదెవరు? కబురు స్విచ్చి పక్కనే కనబడాలి. కంప్యూటర్ అనేది బల్ల మీద కూర్చోకుండా పరిసరాల్లో కలిసిపోవాలని జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం పార్క్ (PARC)లో పనిచేసిన మార్క్ వైజర్ 1991లోనే రాశాడు. అక్కడే నాటలీ జెరెమిజెంకో అనే కళాకారిణి ఒక 8 అడుగుల ప్లాస్టిక్ తీగను పైకప్పున చిన్న మోటారుకి వేలాడదీసింది. నెట్‌వర్క్ కేబుల్‌లో రద్దీ పెరిగితే తీగ గిరగిరా తిరిగేది. మనకి తీగ బదులు 8 ఎల్‌ఈడీలు చాలు. ఒక బోర్డు పైన ట్యాంకు దగ్గర నీటిమట్టం కొలిచి కబురు పంపుతుంది, రెండోది కింద స్విచ్చి పక్కన దీపాలు వెలిగిస్తుంది.

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్డులో కొనాల్సినవి: ఈఎస్‌పీ32 బోర్డులు (వైర్‌లెస్ ఉన్న బుల్లి కంప్యూటర్లు) రెండు, జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వని పంపి, అది తిరిగొచ్చే సమయంతో దూరం చెప్పేది) ఒకటి, 8 దీపాల డబ్ల్యూఎస్2812 ఎల్‌ఈడీ పట్టీ, 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్లు రెండు, 330 ఓమ్‌లు, 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 1ఎన్4007 డయోడ్, వాన నీరు దూరని ప్లాస్టిక్ పెట్టె. ఇనప పెట్టె వద్దు, సిగ్నల్ బయటికి రాదు.

ముందు పైన పని. ట్యాంకు మూతకి రంధ్రం చేసి సెన్సర్‌ని నిటారుగా కిందికి చూసేలా బిగించండి. నీళ్లు పడే పైపుకీ గోడకీ దూరంగా ఉండాలి, లేకపోతే తుంపరలనే నీటిమట్టం అనుకుంటుంది. సెన్సర్‌తో వచ్చే కేబుల్‌ని కోసి పొడిగించొద్దు, అందులో వచ్చే సిగ్నల్ బలహీనం. సెన్సర్ ఎకో కాలు (జవాబు వచ్చే పిన్ను) 5 వోల్టులిస్తుంది, ఈఎస్‌పీ32 తట్టుకునేది 3.3. అందుకే ఎకో నుంచి 1 కిలో ఓమ్ మీదుగా 27వ పిన్నుకి, ఆ పిన్ను నుంచి 2 కిలో ఓమ్ గ్రౌండుకి. ట్రిగ్గర్ (కొలవమని చెప్పే కాలు) 26వ పిన్నుకి. 12వ పిన్ను జోలికి పోవద్దు, బోర్డు ఆన్ అయ్యేటప్పుడు అక్కడ వోల్టేజీ ఉంటే బూట్ కాదు.

కరెంటు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మెట్ల గదిలోంచి 10 మీటర్ల సన్నటి యూఎస్‌బీ తీగ లాగితే దారిలోనే వోల్టేజీ పడిపోయి, బోర్డులోని వైర్‌లెస్ రేడియో కబురు పంపిన ప్రతిసారీ బోర్డు రీస్టార్ట్ అవుతుంది. లావుపాటి తీగ వేసి, బోర్డు దగ్గర ఒక 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

రెండు బోర్డులూ ఈఎస్‌పీ-నౌ పద్ధతిలో (రూటర్ లేకుండా నేరుగా) మాట్లాడుకుంటే ఇంట్లో వైఫై ఉన్నా పోయినా ఒకటే. ఇద్దరికీ ఒకే ఛానెల్ పెట్టాలి. మధ్యలో రెండు స్లాబులుంటే బయటి యాంటెన్నా తగిలించుకునే రకం బోర్డు తీసుకోండి.

ఇక లెక్క. ఎకో సమయం మైక్రోసెకండ్లలో వస్తుంది, దాన్ని 58తో భాగిస్తే సెంటీమీటర్లు. 60 మిల్లీసెకండ్ల ఎడంతో 7 సార్లు కొలిచి, వరసలో పేర్చి నడిమిది తీసుకోండి. సగటు తీయొద్దు, ఒక్క తప్పుడు కొలత మొత్తాన్నీ లాగేస్తుంది. 'ఖాళీ' అంటే ట్యాంకు అడుగు కాదు, కుళాయిలకు నీళ్లు వెళ్లే పైపు ఎత్తు. అది సెన్సర్‌కి 121 సెం.మీ. కింద ఉంది, 25 దగ్గర నిండినట్టు అనుకుంటే, మధ్యలో 96. ఒక్కో దీపానికి 12 సెం.మీ. ఎండకి ట్యాంకులో గాలి వేడెక్కితే ధ్వని వేగం మారి మీటరుకి మూడు నాలుగు సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఎనిమిది దీపాల పనికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

పట్టించుకోవాల్సింది ఇంకోటుంది. నీళ్లు సుమారు 20 సెం.మీ. కన్నా దగ్గరికొస్తే ఈ సెన్సర్‌కి కనబడదు, పిచ్చి అంకెలు ఇస్తుంది. ట్యాంకు పొర్లే వేళకే దీపం 'ఖాళీ' అని చెప్పిందంటే చేసిందంతా వృథా. కోడ్‌లో ఒక షరతు పెట్టండి: చివరి మంచి కొలత 30 లోపు ఉండి, తర్వాతది అసంబద్ధంగా వస్తే, నిండినట్టే లెక్క.

కింద, పట్టీ డేటా తీగలో 330 ఓమ్‌లు, పవర్ ప్లస్, మైనస్‌ల మధ్య రెండో కెపాసిటర్. దీపాలు మినుకుమినుకుమంటే తప్పు మీది కాదు: 5 వోల్టుల పట్టీకి 3.3 వోల్టుల సిగ్నల్ ఆనదు. పట్టీ పవర్ తీగలో డయోడ్ వేస్తే వోల్టేజీ 4.3కి దిగి, సిగ్నల్ సరిపోతుంది.

రంగులతో చెప్పబోకండి. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఇంట్లో ఉండొచ్చు. ఎన్ని దీపాలు వెలిగాయన్నదే కబురు. వెలుతురు పదో వంతుకి తగ్గించండి, రాత్రి కళ్లలో పడదు.

పైనుంచి 5 నిమిషాలు సందేశం రాకపోతే దీపాలన్నీ ఆరి, ఒక్కటే నీలంగా మెరవాలి. పై బోర్డు చచ్చిపోయినా నాలుగు దీపాలు నిశ్చింతగా వెలుగుతూ ఉంటే, అది దీపం లేకపోవడం కన్నా ప్రమాదం.

మోటారు దానంతటదే ఆగేలా రిలే (బోర్డు చెబితే పడే స్విచ్చి) పెట్టాలనిపిస్తుంది. 1 హెచ్‌పీ మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటికన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. చిన్న 10 ఆంపియర్ల రిలే కాంటాక్టులు అంటుకుపోయి, మోటారు ఆగమన్నా ఆగదు. అది కావాలంటే ఎలక్ట్రీషియన్‌తో కాంటాక్టర్ (మోటార్ల కోసం చేసిన గట్టి రిలే) పెట్టించండి. అప్పటిదాకా స్విచ్చి మీ చేతిలోనే ఉండనివ్వండి.