కస్టడీ కేసులో పిల్లల మాట జడ్జి దాకా చేరాలంటే

భార్యాభర్తలు విడిపోయి పిల్లల కోసం ఫ్యామిలీ కోర్టుకెక్కితే అమ్మ తరఫున ఒక లాయరు, నాన్న తరఫున ఒక లాయరు మాట్లాడతారు, ఎవరి దగ్గర పెరగాలో తేలాల్సిన పిల్ల మాత్రం వరండాలో అమ్మమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఆ పిల్లను కూడా అడగండి అని కోరే వీలు చట్టంలో ఎప్పటినుంచో ఉంది. చాలా కేసుల్లో ఎవరూ అడగరు, అంతే.

ఏ సెక్షన్ కింద అడగాలంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో 17(3) చూడండి. తన ఇష్టమేంటో ఆలోచించి చెప్పగల వయసు పిల్లలకు వస్తే, ఆ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు అంటుంది. ఇన్నేళ్లు నిండాలన్న మాట అందులో లేదు, కాబట్టి "ఇంకా చిన్నపిల్ల కదా, కుదరదు" అని ఎవరైనా కొట్టిపారేస్తే ఊరుకోకండి. విడాకుల కేసులోనే కస్టడీ కూడా తేలుతుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 ఉంది, వీలైనంతవరకు పిల్లల ఇష్టానికి తగ్గట్టు ఆర్డర్లు ఇవ్వాలని అక్కడ నేరుగానే రాశారు. 1992లో మన దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 12వ అధికరణంలో చెప్పేదీ ఇదే.

అయితే పిల్ల చెప్పిందే తీర్పు అయిపోదు. పేరెన్స్ పేట్రియే అనే సూత్రం ప్రకారం ఇలాంటి కేసులో కోర్టే ఆ పిల్లకు పెద్దదిక్కు. తల్లి హక్కు గొప్పదా తండ్రి హక్కు గొప్పదా అన్నది కాదు, పిల్ల బాగు ఎక్కడుందన్నదే చూస్తుంది. 2008లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక కేసులో తల్లి చనిపోయింది, తండ్రి మీద వరకట్న చావు కేసు నడుస్తోంది, బాబు అమ్మమ్మ తాతయ్యల దగ్గరున్నాడు. తండ్రికి అప్పగించమన్న కింది కోర్టులు బాబు మాటే వినలేదు. న్యాయమూర్తులు ఆరేళ్ల ఆ బాబుతో స్వయంగా మాట్లాడితే, నాన్న దగ్గరికి వెళ్లనని తేల్చి చెప్పాడు. కింది కోర్టుల ఆర్డర్లు నిలబడలేదు.

ఇక మీరు చేయాల్సింది. లాయరుతో ఒక ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేయించండి, జడ్జి గారు పిల్లతో ఛాంబర్‌లో, తల్లిదండ్రులు, లాయర్లు లేకుండా మాట్లాడాలని అందులో కోరండి. వయసు, చదివే తరగతి, ఏ భాషలో బాగా మాట్లాడుతుందో రాయండి, ముఖ్యంగా అమెరికాలో పెరిగి తెలుగు తడబడే పిల్లల విషయంలో ఇది మర్చిపోవద్దు. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 12 కింద సైకాలజిస్ట్ లాంటి నిపుణుల సాయం అడగొచ్చు. సెక్షన్ 11 ప్రకారం మీ ఇద్దరిలో ఏ ఒక్కరు కోరినా విచారణ అందరి ముందూ కాకుండా గోప్యంగా జరపాలి. వాయిదా పరీక్షల రోజుల్లో పడకుండా చూడమని కూడా అందులోనే అడగండి.

పిల్లకు పాఠం చెప్పి పంపొద్దు, దీన్ని మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఛాంబర్‌లో జడ్జి ఏ క్లాసు, బెస్ట్ ఫ్రెండ్ ఎవరు, జ్వరమొస్తే పక్కన ఎవరు కూర్చుంటారు అంటూ మొదలుపెడతారు. అలా మాట్లాడుతున్న ఏడేళ్ల పిల్ల ఉన్నట్టుండి "నాన్న మెయింటెనెన్స్ ఇవ్వలేదు" అందంటే ఆ మాట ఎవరిదో జడ్జికి వెంటనే అర్థమైపోతుంది, ఆ తర్వాత పిల్ల నిజంగా చెప్పుకున్న బాధకు కూడా విలువ తగ్గుతుంది. ఒక పక్షం రెండో పక్షం మీద పిల్లల మనసు విరిచేయడం గురించి 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ప్రత్యేకంగా మాట్లాడింది, ఆ కేసులో పాపను తల్లికే అప్పగించింది. అందుకే ముందురోజు రాత్రి ఇంతే చెప్పండి: "రేపు జడ్జి గారు నీతో మాట్లాడతారమ్మా, నీకు అనిపించింది చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు, ఎవరో ఒకరిని ఎంచుకోవాలని ఏం లేదు." బయటికి వచ్చాక "ఏం చెప్పావ్?" అని అడగొద్దు. అసలే టెన్షన్ పడి వచ్చిన పిల్లకు ముందు ఏదైనా తినిపించండి.

విదేశాల నుంచి పిల్లల్ని తీసుకొచ్చేసి ఇక్కడ కేసు వేయాలనుకునేవాళ్లు ఒకటి గమనించండి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం పిల్లలు మామూలుగా ఎక్కడ ఉంటున్నారో అక్కడి కోర్టులోనే కేసు నడవాలి. అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు జంట కేసులో, హైదరాబాద్ వచ్చేసిన పిల్లల్ని తిరిగి అమెరికా తీసుకెళ్లాల్సిందేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

లాయరు ఫీజు కట్టలేమని ఆగిపోకండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఒకసారి ఆర్డర్ వచ్చేసింది కాబట్టి అయిపోయిందనీ అనుకోవద్దు. కస్టడీ ఆర్డర్లను పరిస్థితులు మారితే మార్చమని అడగొచ్చు, ఆరేళ్లప్పుడు నోరు విప్పని పిల్ల పన్నెండేళ్లకు తన మాట తనే చెప్పగలిగితే, మళ్లీ పిటిషన్ వేయండి.