రీమ్యాచ్ జరగని చోట ఛాంపియన్‌ని ఎలా అంచనా వేయాలి

బాక్సింగ్‌లో మార్విన్ హాగ్లర్ గొప్పా, షుగర్ రే లెనార్డ్ గొప్పా అని ఎక్కడ వాదన మొదలైనా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతుంది, ఇంకోసారి తలపడి ఉంటే, అంటే రీమ్యాచ్ జరిగి ఉంటే, తేలిపోయేది కదా అని. తలపడలేదు. 1987 ఏప్రిల్ 6న లాస్ వేగాస్‌లో ఒక్కసారే, అప్పటి ఛాంపియన్ హాగ్లర్ మీద లెనార్డ్ గెలిచాడు. అందుకే ఎవరికి నచ్చిన ముగింపు వాళ్లు రాసుకుంటారు, నాకు అదే బాధ, ఎందుకంటే జరగని ఫైట్‌ని ఊహించుకుంటూ జరిగిన ఫైట్‌ని సరిగ్గా చూడటం మానేస్తాం. నేను ఇలాంటి వాటిని ఎలా చూస్తానో చెప్తాను, మీరూ ప్రయత్నించండి.

ముందు సౌండ్ తీసేసి ఫైట్ మొత్తం చూడండి. కామెంటరీ వింటే తెలియకుండానే వాళ్ల అభిప్రాయం మనకు అంటుకుంటుంది. ప్రతి రౌండ్ అయ్యాక వీడియో ఆపి, గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కింద పడితే 8 అని కాగితం మీద రాయండి. ఎటైనా ఇవ్వొచ్చు అనిపించిన రౌండ్ల పక్కన చుక్క పెట్టండి. నాకైతే స్కోర్ కంటే ఆ చుక్కలే ముఖ్యం. చుక్కలు ఒకటో రెండో ఉంటే రీమ్యాచ్ లేకపోయినా పెద్ద నష్టం లేదు, నాలుగైదు ఉంటే మాత్రం ఆ ఫలితాన్ని పట్టుకుని ఎవరినీ ఆకాశానికి ఎత్తకూడదు, పాతాళానికి తొక్కకూడదు.

హాగ్లర్ ఫైట్‌లో ఈ లెక్క చూడండి. ఒక జడ్జి 115-113తో హాగ్లర్‌కి ఇచ్చాడు, ఇంకొకరు అదే 115-113తో లెనార్డ్‌కి, మూడో జడ్జి 118-110తో లెనార్డ్‌కి. 115-113 అంటే పన్నెండు రౌండ్లలో 7-5. లెనార్డ్‌కి 115-113 ఇచ్చిన ఆ జడ్జి ఒక్క రౌండ్ అటు మార్చి ఉంటే ఆయన కార్డు 114-114 అయ్యేది, అంటే ముగ్గురిలో ఒకరు హాగ్లర్, ఒకరు లెనార్డ్, ఒకరు సమానం, మొత్తంగా డ్రా, బెల్టు హాగ్లర్ నడుముకే ఉండిపోయేది. ఒక మనిషి పేరు మీద ఇన్నేళ్ల వాదన ఒక్క జడ్జి ఇచ్చిన ఒక్క రౌండ్ మీద ఆధారపడి ఉంది. మొదటి రౌండ్లలో హాగ్లర్ తన అలవాటైన సౌత్‌పా (ఎడమచేతి వాటం వాళ్లు నిలబడే తీరు) వదిలేసి కుడిచేతి వాటం వాళ్లలా నిలబడ్డాడని కూడా గమనించండి, ఆ రౌండ్లు చేతులారా ఇచ్చేశాడని నా అభిప్రాయం.

తర్వాత తేదీలు వరసగా రాసుకోండి. రీమ్యాచ్ ఎవరు వద్దన్నారు అనేది సగం ప్రశ్నే, ఎప్పుడు వద్దన్నారు అనేది మిగతా సగం. ఫైట్ అయిన రెండు నెలల్లోపే లెనార్డ్ రిటైర్ అన్నాడు. హాగ్లర్ ఏడాదికి పైగా ఎదురుచూసి 1988 జూన్‌లో తనూ ఆపేశాడు, ఇటలీ వెళ్లి సినిమాలు చేసుకున్నాడు. అదే ఏడాది నవంబర్‌లో లెనార్డ్ మళ్లీ రింగులోకి వచ్చాడు. తర్వాత ఎప్పుడో రీమ్యాచ్ ప్రస్తావన వచ్చినా హాగ్లర్ కదల్లేదు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే హాగ్లర్ భయపడ్డాడు అనే మాట నిలబడదు.

మూడోది, మిగతా రికార్డు ఏం చెబుతోందో చూడాలి. లెనాక్స్ లూయిస్ సంగతే తీసుకోండి. 2003 జూన్ 21న లాస్ ఏంజెలెస్‌లో లూయిస్‌తో తలపడిన విటాలీ క్లిచ్‌కోకి కంటి దగ్గర ఘోరంగా తెగడంతో ఆరు రౌండ్ల తర్వాత ఫైట్ ఆపేసి లూయిస్ గెలిచాడన్నారు, అప్పటికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ విటాలీయే 58-56తో ముందున్నాడు. లూయిస్ రీమ్యాచ్ ఇవ్వకుండా 2004 ఫిబ్రవరిలో రిటైర్ అయ్యాడు. దీన్ని మచ్చ అనేవాళ్లున్నారు. కానీ అదే లూయిస్ తనను ఓడించిన మెకాల్‌నీ, రహ్మాన్‌నీ మళ్లీ రింగుకు రప్పించి ఓడించాడు. రీమ్యాచ్‌కి వెనకాడే మనిషైతే ఆ రెండూ జరిగేవి కావు. అలాగని విటాలీకి జరిగిన అన్యాయం చిన్నదని అనను, ముందంజలో ఉండి గాయంతో ఓడిపోవడం చాలా చేదు.

ఆలస్యంగా జరిగిన రీమ్యాచ్‌ని కూడా జరగనట్టే లెక్కేయండి. 1990 మార్చి 17న చావెజ్ మీద మెల్‌డ్రిక్ టేలర్ ఇద్దరు జడ్జీల కార్డుల్లో ముందున్నాడు, చివరి రౌండ్‌లో ఇంకా 2 సెకన్లు ఉందనగా రిఫరీ ఆపేసి చావెజ్ గెలిచాడన్నాడు. రీమ్యాచ్ 1994లో జరిగింది, అప్పటికి టేలర్ పాత టేలర్ కాదు. రాయ్ జోన్స్, హాప్‌కిన్స్ అయితే 1993 తర్వాత 2010లో కలిశారు, దాని గురించి చెప్పడానికేం లేదు.

మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌ని చూసేటప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. 2019 డిసెంబర్ ట్రయల్‌లో (జట్టు ఎంపిక పోటీలో) మేరీ కోమ్ 9-1తో గెలిచింది, ఆ తర్వాత ఇద్దరూ మళ్లీ రింగులో ఎదురుపడలేదు. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. మేరీని ఓడించనిదే నిఖత్ గొప్ప కాదు అనడం ఎంత తప్పో, ఆ ఓటమిని లెక్కలోంచి తీసేయడం కూడా అంతే తప్పు. ఆ రోజు మేరీ స్పష్టంగా మెరుగ్గా ఆడింది, అప్పటి నిఖత్ వేరు, ఇస్తాంబుల్ నిఖత్ వేరు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే హాగ్లర్-లెనార్డ్ తొమ్మిదో రౌండ్ పెట్టుకోండి. లెనార్డ్ అలసిపోయి మూలకు చిక్కుకుంటాడు, హాగ్లర్ మీద పడి బాదుతుంటాడు, ఇక అయిపోయింది అనుకునేలోపు లెనార్డ్ రెండు చేతులతో చకచకా విసిరి బయటపడతాడు, మళ్లీ చిక్కుతాడు, మళ్లీ బయటపడతాడు. ఒకసారి హాగ్లర్ చేతుల్నే చూడండి, రెండోసారి లెనార్డ్ కాళ్లనే చూడండి, తర్వాత 10 ఎవరికో రాయండి.