మారథాన్ సాధనకు ముందు: ఒంట్లో వచ్చే మార్పులు, తిండి విషయంలో జాగ్రత్తలు

సాధారణంగా జనవరి మూడో ఆదివారం జరిగే ముంబయి మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్నవారు పద్దెనిమిది వారాల సాధన లెక్కవేసుకుంటే, సెప్టెంబరు మధ్యలో, గోదావరిలో ఇంకా ఎర్రనీరు పారుతుండగానే పరుగు మొదలుపెట్టవలసి వస్తుంది. దసరా, దీపావళి, కార్తిక సోమవారాల ఉపవాసాలు, సంక్రాంతి పిండివంటలు అన్నీ ఆ నాలుగు నెలల్లోనే వస్తాయి. మన డెల్టాలో కొత్తగా పరుగు మొదలుపెట్టేవారు బూట్ల గురించి, చేతి గడియారాల గురించి ఎంతో అడుగుతారు కానీ, సాధన కాలంలో ఒళ్లు ఎలా మారుతుందో, ఏం తినాలో అడిగేవారు తక్కువ. సగంలో సాధన ఆగిపోయినవారిని గమనిస్తే, వారిలో చాలామంది తప్పటడుగు తిండి దగ్గరే పడిందని నాకు తెలిసింది. అందులో నేనూ ఒకడిని.

మొదటి జాగ్రత్త: మారథాన్‌ను బరువు తగ్గే ఉపాయంగా చూడవద్దు. పరుగుకు ఖర్చయ్యే శక్తి, కిలోమీటరుకు ఒంటి బరువు కిలోకు దాదాపు ఒక కేలరీ. అంటే అరవై అయిదు కిలోల మనిషి ముప్పై కిలోమీటర్లు పరుగెత్తితే రెండు వేల కేలరీలకు కాస్త తక్కువ ఖర్చవుతుంది. ఆ లోటును శరీరం ఊరికే వదలదు. ఆకలిని పెంచి, మిగిలిన రోజంతా మనిషిని కుర్చీకి అతుక్కునేలా చేసి, చాలావరకు రాబట్టుకుంటుంది. పైగా తిన్న అన్నం నుంచి వచ్చి కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కనుక, సాధన కుదురుకున్నాక కిలో, కిలోన్నర బరువు పెరగడం కూడా మామూలే. అది కొవ్వు కాదు. బరువు పెరిగిందని కంగారుపడి రాత్రి అన్నం మానేసేవారు ఆ నిల్వనే పోగొట్టుకుంటున్నారు.

నా మొదటి సాధనలో నేను చేసింది అదే. తెల్లవారుజామున ఒక్క టీ తాగి కాలువ గట్టు మీద పరుగెత్తి, రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టుకుని, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. ఆఫీసులో అందరూ మెచ్చుకుంటుంటే ఉత్సాహం రెట్టింపయింది. పద్నాలుగో వారంలో ముంగాలి ఎముక మీద వేలు పెడితే ఓర్వలేనంత నొప్పి వచ్చింది. సన్నని చీలిక అని తేలింది. ఆ ఏడాది పరుగు అక్కడితో ముగిసింది. మా అత్తయ్య మాత్రం రెండు నెలల ముందే నా ముఖం చూసి, ‘ఏంట్రా ఇలా పీక్కుపోయావు, షుగరేమైనా వచ్చిందా’ అని అడిగింది. నేను పట్టించుకోలేదు.

ఒంటి తీరు గురించి ముందే తెలుసుకుంటే దిగులు తగ్గుతుంది. తొడలు, పిక్కలు గట్టిపడతాయి, కొందరికి చుట్టుకొలత పెరిగి పాత ప్యాంట్లు అక్కడ బిగుసుకుంటాయి. ఏ చోటి కొవ్వు ముందు కరగాలో మన చేతుల్లో ఉండదు. చాలామందికి బుగ్గలే ముందు తగ్గి, పొట్ట చివరిదాకా మిగులుతుంది. తినేది చాలకపోతే జబ్బల్లో, ఛాతీలో కండ కూడా కరుగుతుంది. దాన్ని సన్నబడటం అనుకోకూడదు. కాబట్టి రోజూ బరువు చూసుకోవడం మాని, వారానికి ఒకసారి నడుము చుట్టుకొలత తీసుకుని, నిద్ర ఎలా పడుతోంది, మెట్లెక్కుతుంటే కాళ్లు ఎలా ఉన్నాయి అన్నది రాసుకోవడం మేలు.

ఖర్చుకు తగ్గ తిండి చాలాకాలం అందకపోతే ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ఒక పేరు పెట్టి, ఇది ఆడవారికే కాక మగవారికీ వస్తుందని స్పష్టం చేసింది. మాటిమాటికీ జలుబు చేయడం, అలసిపోయినా నిద్ర పట్టకపోవడం, చిరాకు, మగవారిలో కోరిక తగ్గడం, మానని నొప్పులు దీని గుర్తులు. ఆడపిల్లలకు నెలసరి తప్పితే, పరుగు వల్ల అది సహజమేనని తేలిగ్గా చెప్పేవారి మాట నమ్మవద్దు. వరుసగా మూడు నెలలు రాకపోతే తప్పనిసరిగా స్త్రీవైద్య నిపుణురాలిని కలవాలి; అంతదాకా పరుగు తగ్గించి, భోజనం పెంచాలి.

మన పళ్లెంలో అన్నానికి కొరత లేదు, అది పరుగుకు మంచిదే. కొరత మాంసకృత్తులకు. ఈ స్థాయి సాధనలో ఒంటి బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాములు కావాలి, అంటే అరవై అయిదు కిలోలవారికి ఎనభై నుంచి వంద గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పలుచని పప్పుచారుతో అన్నం కలుపుకుని ఆవకాయ నంజుకుంటే కడుపు నిండుతుంది కానీ కండకు చాలదు. చేపలు, రొయ్యలు మన చెరువుల్లోనే పెరుగుతున్నా చాలా ఇళ్లలో అవి ఆదివారం కూరలే. వారం మధ్యలో పెసరట్టు, దిబ్బరొట్టె, ముద్దపప్పు, ఉలవచారు, గుడ్లు, గడ్డపెరుగు ఆ లోటు తీర్చాలి. సాధనకు ముందే హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోవడం, భోజనానికి అటూ ఇటూ గంటసేపు టీ, కాఫీ మానడం కూడా అవసరమే. అవి ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి.

తెల్లవారి పరుగుకు అరగంట ముందు ఒక చక్కెరకేళీ పండో, చిన్న గ్లాసు రాగిజావో తీసుకుంటే చాలు. గంటన్నర దాటే పరుగులో గంటకు ముప్పై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం కావాలి కనుక అరటిపండు, బెల్లంముక్క వెంట ఉంచుకోవాలి. పరుగులో తినడం కడుపుకు కూడా అలవాటు చేయవలసిన సంగతే. గట్టిగా పరుగెత్తిన వెంటనే ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు తినక వదిలేస్తే సాయంత్రానికి అదుపు తప్పి, చేతికందిన జంతికలతో మొదలై పూతరేకులతో కానీ ఆగదు. గంటలోపే పెరుగు కలిపిన చద్దన్నం, రెండు గుడ్లు తినేస్తే ఆ బాధ ఉండదు.

మన గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, చెమట మాత్రం కారుతూనే ఉంటుంది. దూరపు పరుగుకు ముందూ తరువాతా తూచుకోండి: కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. కానీ బరువు పెరిగితే అది ఇంకా ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో పదమూడు శాతం మందికి రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండే ఖనిజం, తగ్గిపోయిందని, అతిగా నీళ్లు తాగి బరువు పెరిగినవారిలోనే అది ఎక్కువని తేలింది. కోనసీమ కొబ్బరిబోండంలో పొటాషియం ఎక్కువే కానీ ఉప్పు చాలినంత ఉండదు. దానికి తోడుగా ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

కార్తిక సోమవారాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దూరపు పరుగు ఆదివారం, పూర్తి ఉపవాసం మరునాడు అయితే కండరాలు కోలుకోవలసిన రోజే పస్తు ఉన్నట్టవుతుంది. నియమం విడువనక్కరలేదు, ఆ నెల పెద్ద పరుగును శుక్రవారానికో శనివారానికో మార్చుకుని, సోమవారం పాలు, పండ్లు తీసుకుని విశ్రాంతిగా ఉంటే సరిపోతుంది. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారు మాత్రం ఉపవాసాన్నీ పరుగునూ కలిపే ముందు వైద్యుడిని అడగాలి. ఏకాంతంగా ఉండే కాలువ గట్టు మీద చక్కెర పడిపోతే ఆదుకునేవారుండరు.

సంక్రాంతి సరిగ్గా ముంబయి పరుగు వారంలోనో, దాని ముందో వస్తుంది. ఆఖరి మూడు రోజులు అన్నం ఎక్కువ, నూనె తక్కువ తినాలి. అరిసెలు, కనుమ నాటి గారెలు, కోడికూర కడుపులో బరువుగా ఉండిపోతాయి. రుచి చూసి, మిగిలినవి డబ్బాలో దాచమని అమ్మకు ముందే చెప్పండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి, ప్రయాణం ఆ రోజున పడకుండా టికెట్లు ముందే చూసుకుంటే ఇంట్లో పెద్దవాళ్ల మనసూ నొచ్చుకోదు.

పరుగు అయిపోయాక మైళ్లు ఒక్కసారిగా తగ్గుతాయి, ఆకలి మాత్రం రెండు మూడు వారాల పాటు పాత లెక్కనే అడుగుతుంది. దాచిన అరిసెలను ఆ వారాల్లో రోజుకొకటి చొప్పున తినండి, పప్పు, గుడ్లు మాత్రం తగ్గించవద్దు. చిట్లిన కండరం కోలుకునేది అప్పుడే.