అనంతపురంలో కూర్చుని అమెరికా యాట్ పందేలను అర్థం చేసుకోవడం ఎలా

సముద్రానికి దూరంగా ఉన్న అనంతపురం వారికి యాట్ పందేలు, అంటే తెరచాప పడవల పోటీలు, పట్టుబడవన్న మాటను నేను ఒప్పుకోను. గెలిచినవారి జాబితాతో మొదలుపెడితే ఎవరికైనా విసుగు పుడుతుంది కాబట్టి ముందుగా గాలి సంగతి తెలుసుకోవాలి, అది మనకు కొత్త కాదు.

వేరుశనగ కళ్లంలో తూర్పారబట్టే మనిషి చేట ఎత్తేముందు గుప్పెడు పొట్టు పైకి విసిరి, అది ఎటు వాలుతుందో చూస్తాడు. పందెంలో పడవ నడిపేవాడికీ ఆ చూపే కావాలి. తెరచాప పడవ ఎదురుగాలిలోకి నేరుగా పోలేదు. బరువు కట్టిన సైకిల్‌ను మిట్ట ఎక్కించేవాడు రోడ్డుకు అడ్డంగా అటూ ఇటూ తిప్పినట్టు, గాలికి సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా మెలికలు తిరుగుతూ ముందుకు సాగుతుంది. ఒక కాగితం మీద పైనుంచి కిందికి గాలి బాణం గీసి, కిందినుంచి పైకి ఈ మెలికల దారిని పెన్సిల్‌తో గీసి చూడండి. ఆ తరువాత ఏ పందెం చూసినా, దూరం వెళుతున్నట్టు కనిపించే పడవే ముందున్నదని తెలిసి ఆశ్చర్యం కలగదు.

ఇక చరిత్ర. 1844 జూలై 30న న్యూయార్క్ రేవులో లంగరు వేసిన గిమ్‌క్రాక్ అనే స్కూనర్ (ఒక రకం తెరచాప ఓడ) మీద జాన్ కాక్స్ స్టీవెన్స్, మరో ఎనిమిదిమంది కలిసి న్యూయార్క్ యాట్ క్లబ్‌ను స్థాపించారు. ఆ బృందంవారి ‘అమెరికా’ అనే పడవ 1851 ఆగస్టు 22న ఇంగ్లండులోని వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో గెలిచి కప్పు అందుకుంది. ఆ కప్పుకు వచ్చిన అమెరికాస్ కప్ అన్న పేరు ఆ పడవది, దేశానిది కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 1857లో యజమానులు ఆ కప్పును దానపత్రం రాసి క్లబ్‌కు అప్పగించారు. అందువల్ల ఈ కప్పు కోసం సవాలు విసరవలసింది దేశం కాదు, ఒక క్లబ్.

దానపత్రంలోని షరతులను వాటి వెనుక ఉన్న తగాదాలతో కలిపి చదవాలన్నది నా సలహా. 1881లో కెనడా నుంచి వచ్చిన అటలాంటా అనే పడవను ఈరీ కాలువ గుండా లాక్కొచ్చారు; లాకులు ఇరుకుగా ఉన్నందున దాన్ని ఒక పక్కకు ఒరిగించవలసి వచ్చింది. అది ఓడిపోయింది, కానీ మరుసటి ఏడాదే పత్రాన్ని తిరగరాసి, సవాలు చేసే పడవ తన తెరచాపల మీదే రావాలనీ, ఆ క్లబ్ వార్షిక పందేలు సముద్రజలాల్లో జరపాలనీ చేర్చారు. అంటే రేపు గండికోట జలాశయం మీద మనవాళ్లు క్లబ్ పెట్టినా అది ఒక్కటే చాలదు!

చివరగా 1983 సెప్టెంబరు 26న అమెరికాలోని న్యూపోర్ట్ దగ్గర ఈ కప్పు కోసం జరిగిన ఏడో పందెం దృశ్యాలు దొరికితే చూడండి. అప్పటికి న్యూయార్క్ క్లబ్ పడవ లిబర్టీ, సవాలు చేసిన ఆస్ట్రేలియా 2 చెరి మూడు పందేలు గెలిచి 3–3తో సమంగా ఉన్నాయి. అయిదో అంచెలో, గాలివాటున సాగేటప్పుడు, డెనిస్ కానర్ నడిపిన లిబర్టీ వెనుకబడి, రెక్కల కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే బరువైన పలక) ఉన్న ఆస్ట్రేలియా 2 ముందుకు వచ్చి 41 సెకన్ల తేడాతో గెలవగా, న్యూయార్క్ క్లబ్‌వారి చేతిలో 132 ఏళ్లుగా ఉన్న కప్పు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు క్లబ్‌కు చేరింది. మీరు గీసిన కాగితాన్ని పక్కన పెట్టుకుని ఆ అంచెను రెండోసారి చూడండి.