సాక్సు తొడగడం చివరి నుంచి నేర్పండి

పిల్లలకు సాక్సు తొడుక్కోవడం ఎంతకీ రావట్లేదా? చివరి నుంచి మొదలుపెట్టి చూడండి. రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే చికిత్స అయిన ఆక్యుపేషనల్ థెరపీలో దీన్ని బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారు. మడమ దాటేదాకా మీరే తొడిగి, పైకి లాగే ఆ ఒక్క పనీ పిల్లలకు వదిలేయండి. బొటనవేళ్లు రెండూ సాక్సు లోపల, మిగతా వేళ్లు బయట ఉంటే పట్టు బాగా దొరుకుతుంది. అది అలవాటయ్యాక మీరు మడమ దగ్గరే ఆపేయండి, ఆ తర్వాత కాలివేళ్ల దగ్గర. ప్రతిసారీ పని ముగించేది తామే కాబట్టి విసుగు తక్కువ. కాస్త వదులుగా, మడమ వేరే రంగులో ఉన్న సాక్సు అయితే ఇంకా సులువు. పాదాలు నేలకు ఆనేంత ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టండి, లేదంటే పడిపోకుండా పట్టుకోవడానికే చేతులు సరిపోతాయి. బయల్దేరే హడావుడిలో మాత్రం ఈ పాఠం వద్దు, అప్పుడు మీరే తొడిగేయండి!