ఒక్కసారి రికార్డు చేసిన మ్యాక్రో అన్ని ఎక్సెల్ ఫైళ్లలో నడవాలంటే ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ ఊపందుకుంటే కమీషన్ కొట్టు గుమాస్తాకు రోజుకో ఎక్సెల్ ఫైలు. తేదీయే ఫైలు పేరు. లోపల మాత్రం రోజూ ఒకటే తంతు: 'ఏ' (A) కాలమ్‌లో రైతు పేరు, బీలో ఊరు, సీలో రకం (తేజా, 334, బాడిగ... ఏది వస్తే అది), డీలో టిక్కీలు (బస్తాలు), ఈలో క్వింటాళ్లలో బరువు, ఎఫ్‌లో ధర. ఆఖరున జీలో మొత్తం. రోజూ ఫార్ములా కొట్టి కిందికి లాగే పనిని మ్యాక్రోకు (మనం చేసిన పనిని రికార్డు చేసుకుని, అడిగినప్పుడు మళ్లీ తనే చేసిపెట్టే ఎక్సెల్ సదుపాయానికి) అప్పగించవచ్చని చాలామందికి తెలుసు. అదే మ్యాక్రో మర్నాటి ఫైల్లో ఎందుకు కనబడదో, కనబడినా ఎందుకు తప్పు చేస్తుందో అర్థంకాకే వదిలేస్తారు.

నేనూ అలాగే ఒకసారి వదిలేశాను. మొదటిసారి రికార్డు చేసిన రోజు ఫైల్లో 187వ వరుస దాకా లెక్కలున్నాయి. మర్నాడు 240 దాకా వచ్చాయి. మ్యాక్రో నడిపాను, టకాలున పనైపోయింది, టీకి వెళ్లాను. సాయంత్రం చిట్టాతో సరిచూస్తే మొత్తం తగ్గింది. చూస్తే కింది 53 వరుసలు ఖాళీ! ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నిన్న 187 దాకా లాగాను కాబట్టి అది ఈ రోజూ 187 దగ్గరే ఆగింది. తప్పు దానిది కాదు, నేను నేర్పిన తీరుది.

మ్యాక్రోను ఎక్కడ దాచాలి?

రికార్డు మొదలుపెట్టేటప్పుడు వచ్చే చిన్న పెట్టెలో 'స్టోర్ మ్యాక్రో ఇన్' అని ఉంటుంది. మనం పట్టించుకోకపోతే అక్కడ 'దిస్ వర్క్‌బుక్' ఉంటుంది. అంటే మ్యాక్రో ఆ ఒక్క ఫైల్లోనే ఉంటుంది. పైగా ఆ ఫైలును మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకంగా సేవ్ చేస్తే మ్యాక్రో పోతుంది, ఎందుకంటే 2007 ఎక్సెల్ నుంచి ఆ రకం ఫైల్లో మ్యాక్రోలు ఉండవు. వాటికోసం ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రకం వేరే ఉంది.

అక్కడ 'పర్సనల్ మ్యాక్రో వర్క్‌బుక్' ఎంచుకోండి. మొదటిసారి ఎంచుకోగానే ఎక్సెల్ పర్సనల్ అనే ఫైలును తనే తయారుచేసుకుంటుంది. ఎక్సెల్ తెరిచిన ప్రతిసారీ అది తెర వెనక తెరుచుకుని ఉంటుంది, మన కంటికి కనబడదు. అందులో ఉన్న మ్యాక్రో ఆ కంప్యూటర్లో ఏ ఫైలు తెరిచినా అందుబాటులో ఉంటుంది. రోజువారీ ఫైల్లో మ్యాక్రో ఉండదు కాబట్టి దాన్ని ఎప్పటిలాగే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గానే ఉంచుకోవచ్చు.

రికార్డు చేసే పద్ధతి

1. ఒక రోజు ఫైలును కాపీ చేసుకుని ఆ కాపీని తెరవండి. జీ కాలమ్‌లో శీర్షిక తప్ప ఏమీ ఉండకూడదు. కర్సర్ ఏ1 సెల్‌లో ఉంచండి.

2. వ్యూ ట్యాబ్‌లో మ్యాక్రోస్ కింద ఉన్న బాణం నొక్కి, 'యూజ్ రిలేటివ్ రిఫరెన్సెస్' ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. తర్వాత అక్కడే 'రికార్డ్ మ్యాక్రో' నొక్కండి. పేరు మధ్యలో ఖాళీలు ఉండకూడదు. షార్ట్‌కట్ పెట్టెలో షిఫ్ట్ పట్టుకుని ఎమ్ నొక్కితే కంట్రోల్+షిఫ్ట్+ఎమ్ అవుతుంది. ఉత్త సీ గానీ వీ గానీ పెట్టకండి, మీ కాపీ, పేస్టులు పోయి వాటి స్థానంలో మ్యాక్రో నడుస్తుంది. పర్సనల్ మ్యాక్రో వర్క్‌బుక్ ఎంచుకుని ఓకే కొట్టండి.

3. జీ2 సెల్ మీద క్లిక్ చేసి, ఈక్వల్ గుర్తు పెట్టి, ఈ2 నక్షత్రం గుర్తు ఎఫ్2 అని టైప్ చేసి కంట్రోల్+ఎంటర్ నొక్కండి. ఉత్త ఎంటర్ అయితే కర్సర్ కింది సెల్‌కు జారుతుంది.

4. ఇప్పుడు రికార్డు ఆపకుండానే 'యూజ్ రిలేటివ్ రిఫరెన్సెస్' ఆన్ చేయండి. అసలు కిటుకు ఇదే: ఇక నుంచి మ్యాక్రో సెల్ పేరును కాదు, ఉన్నచోటి నుంచి ఎటు కదిలామో రాసుకుంటుంది.

5. ఇక మౌస్ జోలికి పోవద్దు. కంట్రోల్+సీ. ఎడమ బాణం. కంట్రోల్+కింది బాణం: ధరల కాలమ్‌లో ఆఖరి వరుసకు వెళ్తుంది. కుడి బాణం. కంట్రోల్+షిఫ్ట్+పై బాణం: కింది నుంచి జీ2 దాకా సెలెక్ట్ అవుతుంది. కంట్రోల్+వీ.

6. మ్యాక్రోస్ కింద 'స్టాప్ రికార్డింగ్'.

ఇలా చేస్తే మ్యాక్రో 187 అనే అంకెను గుర్తు పెట్టుకోదు. 'ధర ఉన్నంతవరకూ వెళ్లు, పక్క కాలమ్‌లో కింది నుంచి పైదాకా పేస్టు చెయ్యి' అని మాత్రమే నేర్చుకుంటుంది. 60 వరుసలున్నా 600 ఉన్నా ఒకటే. ఒక్క షరతు: ధరల కాలమ్ మధ్యలో ఖాళీ సెల్ ఉండకూడదు. ఉంటే కంట్రోల్+కింది బాణం అక్కడే ఆగిపోతుంది. ధర తేలని లాటు ఉంటే సున్నా వేయడం అలవాటు చేసుకోండి.

ఎక్సెల్ మూసేటప్పుడు పర్సనల్ మ్యాక్రో వర్క్‌బుక్‌లో మార్పులు సేవ్ చేయాలా అని అడుగుతుంది. ఇదేదో పనికిరాని ప్రశ్న అనుకుని వద్దనేవాళ్లే ఎక్కువ. సేవ్ కొట్టండి, లేదంటే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

మరో ఫైల్లో నడపడం

ఆ రోజు ఫైలు తెరవండి. ముందు సేవ్ చేయండి, ఎందుకంటే మ్యాక్రో చేసిన పనిని కంట్రోల్+జెడ్ వెనక్కి తేలేదు. లెక్కలున్న షీటు కళ్ల ముందు ఉండాలి, మ్యాక్రో పని చేసేది దాని మీదే. కంట్రోల్+షిఫ్ట్+ఎమ్ నొక్కండి. షార్ట్‌కట్ మర్చిపోతే ఆల్ట్+ఎఫ్8. అక్కడ జాబితాలో పేరు ముందు 'పర్సనల్' అని కనబడుతుంది, ఎంచుకుని రన్ కొట్టండి.

'రన్‌టైమ్ ఎర్రర్ 9' వచ్చిందా? దాదాపుగా కారణం ఇది: రికార్డు చేసేటప్పుడు మీరు మధ్యలో ఇంకో ఫైలు మీదో, ఇంకో షీటు మీదో క్లిక్ చేశారు. రికార్డర్ ఆ పేరును ఉన్నదున్నట్టు రాసుకుంది. నిన్నటి తేదీ పేరున్న ఫైలు ఈ రోజు తెరిచి లేదు కాబట్టి వెతికి దొరక్క చేతులెత్తేసింది. మళ్లీ రికార్డు చేయడమే సులువు, ఈసారి ఒక్క ఫైలే తెరుచుకోండి.

మీ మ్యాక్రోను కోడ్ తెలిసినవాళ్లు రాసిచ్చి ఉంటే ఆల్ట్+ఎఫ్11 నొక్కి, తెరుచుకునే కోడ్‌లో ఒక మాట వెతకండి. 'దిస్‌వర్క్‌బుక్' అంటే మ్యాక్రో దాగి ఉన్న ఫైలు, 'యాక్టివ్‌వర్క్‌బుక్' అంటే ప్రస్తుతం ముందున్న ఫైలు. పర్సనల్‌లో పెట్టిన మ్యాక్రోలో మొదటి మాట ఉంటే అది మీ ఫైలును వదిలేసి, కనబడని పర్సనల్ ఫైల్లోనే లెక్కలు వేస్తూ కూర్చుంటుంది. ఆ మాట మారిస్తే సరిపోతుంది.

పక్క కంప్యూటర్‌కు ఇవ్వాలంటే

పర్సనల్ ఫైలు మీ కంప్యూటర్‌కే పరిమితం. పక్క గుమాస్తాకు కావాలంటే మ్యాక్రోను ఒక ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఫైల్లో పెట్టి ఇవ్వండి. అతను ఆ ఫైలునూ, ఆ రోజు ఫైలునూ రెండూ తెరిచి, ఆ రోజు ఫైల్లో ఉండి ఆల్ట్+ఎఫ్8 కొడితే చాలు. తెరిచి ఉన్న ఫైళ్లన్నిటి మ్యాక్రోలూ అక్కడ కనబడతాయి.

వాట్సాప్‌లోనో మెయిల్లోనో పంపితే మాత్రం ఎర్ర పట్టీ వచ్చి మ్యాక్రో ఆగిపోవచ్చు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ఆపేస్తోంది. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద 'అన్‌బ్లాక్' దగ్గర టిక్ పెట్టి ఓకే. ఎవరు పంపారో తెలిసిన ఫైలుకే ఇలా చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఇస్తే చాలాసార్లు ఈ తలనొప్పే ఉండదు. ఫోన్లోని ఎక్సెల్‌లో, బ్రౌజర్ ఎక్సెల్‌లో ఈ మ్యాక్రోలు నడవవు కాబట్టి అక్కడ ప్రయత్నించి టెన్షన్ పడకండి.

కంప్యూటర్ మార్చే ముందు, లేదా విండోస్ మళ్లీ వేయించే ముందు, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ అనే ఫోల్డర్ వెతికి అందులోని పర్సనల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కొత్త కంప్యూటర్లో అదే పేరున్న ఫోల్డర్‌లో వేస్తే మ్యాక్రోలన్నీ మళ్లీ వచ్చేస్తాయి.